మొద్దు అను మాట

చరిత్ర యనగానే రాజుల పట్టాభిషేకములును, కోటల ముట్టడులును, శాసనములును మనకు స్ఫురించుట వాడుక. నేడు నేను మీకు విన్నవింపబోవునది యొక చిన్న మాట యొక్క చరిత్ర. ఆ మాట 'మొద్దు'. బడిలో కూర్చున్న ప్రతివాడును దానిని వినియే యుండును. కొందఱు దానిని పడియుందురు. కొందఱు దానిని ప్రయోగించి యుందురు. ప్రయోగించినవారిలో నేనొకడను. కావున నీ ప్రసంగమును నా తప్పుతోనే మొదలుపెట్టుచున్నాను.

1968వ సంవత్సరమున నేనొక పల్లెటూరి బడిలో ఉపాధ్యాయుడనుగా చేరితిని. అప్పటికి నా వయస్సు ఇరువదిరెండేండ్లు. మూడవ తరగతిలో నొక పిల్లవాడుండెను. పద్యము నొక్కసారి విన్నచో మఱునాడు పొల్లుపోకుండ నప్పగించెడివాడు. తండ్రి సంతకు పోయివచ్చినచో ఏ వస్తువు నే వెలకు కొనెనో, చేతిలో నింక నెంత మిగులవలెనో నోటితోనే లెక్కగట్టి చెప్పెడివాడు. కాని వాచకము చేతికిచ్చినచో వాని ముఖము వెలవెలబోయెడిది. 'పలక' యను మాటను 'వలక' యని చదువును. తరువాతి పంక్తిలో నదే మాట వచ్చినచో క్రొత్తదానిని చూచినట్లు చూచును. ఒత్తును తన యక్షరము క్రింద గాక ప్రక్క యక్షరము క్రింద పెట్టును. దీనికితోడు వానికి చేతిపనియును కుదురు కాదు. లాగు బొందు ముడివేయుట రాదు. బావిలో చేదవేసినచో సగము నీరు దారిలోనే యొలికించును. తోడిపిల్లలు గోలీలాడుచుండగా దూరమున నిలుచుండును.

"ఇన్ని పద్యములు కంఠస్థము చేయగలవాడు నాలుగు మాటలు చదువలేకుండుట సోమరితనము గాక మఱేమి?" అని నేను తలంచితిని. తలంచి కొట్టితిని. అందఱి యెదుట మొద్దని పిలిచితిని. తోడిపిల్లలును అట్లే పిలువసాగిరి. ఒకనాడు వాడు పలకను బడి యరుగుమీద పెట్టి పోయెను, మరల రాలేదు. గేదెల వెంట పోవుచున్నాడని వింటిని. నేనును వానిని మఱచితిని.

నలువదినాలుగేండ్లు గడచినవి. 2012లో నా మనుమనికి ఎనిమిదవ యేట అదే చిక్కు కనబడెను. మంచి మాటకారి, పుస్తకము తెఱచినచో కన్నీరు. వైద్యుడు పరీక్షించి, "బిడ్డ కన్నులలో దోషము లేదు, బుద్ధిలో దోషము లేదు, శ్రద్ధలో దోషము లేదు, అక్షరమును ధ్వనితో ముడివేయు చోట మాత్రము చిక్కున్నది, దీనికి డిస్లెక్సియా యని పేరు" అని చెప్పెను. చేతిపనులలోని తడబాటునకు డిస్ప్రాక్సియా యని మఱియొక పేరు గలదని ఆ దినమే వింటిని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కన్నులయెదుట నా మనుమడు గాక బడి యరుగుమీద పలక పెట్టి పోయిన పిల్లవాడే నిలిచెను. అప్పటినుండి యీ విషయమును గూర్చి చదివినదానిలో ముఖ్యమైనది మీకు చెప్పెదను.

మొదట మన పూర్వపు బడుల సంగతి. 1823వ సంవత్సరమున బళ్లారి జిల్లా కలెక్టరుగా నుండిన ఏ. డి. క్యాంబెల్ దొర తన జిల్లాలోని బడులను విచారించి ప్రభుత్వమునకొక నివేదిక వ్రాసెను. ఇతడు 1816లో తెలుగు వ్యాకరణము ప్రకటించిన వాడు. మన భాష నెఱిగినవాడు. ఆ జిల్లా జనసంఖ్య 9,27,857 అనియు, బడులు 533 అనియు, చదువుకొనువారు 6,641 మంది యనియు నతడు లెక్క చూపెను. అనగా జనులలో వేయింటికి ఏడుగురు మాత్రమే బడిలో నుండిరి.

బడి నడచు తీరును గూడ నతడు వర్ణించెను. ఉదయమున మొదట వచ్చిన పిల్లవాని యరచేతిలో సరస్వతి పేరు వ్రాసెదరు. రెండవవానికి సున్న. మూడవవానికి మెల్లగా నొక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆ పిమ్మట వచ్చువారికి ఒక్కొక్కటి హెచ్చు. చదువని వానిని కొట్టుదురు. రెండు చేతులును కట్టి పైకప్పునకు వ్రేలాడదీయుదురు. లేదా గుంజీలు తీయింతురు. వ్రేలాడదీయుటనే మనవారు కోదండము వేయుట యనిరి. మీ తాతలనుండి మీరు వినియే యుందురు.

ఆ నివేదికలోనే మఱియొక సంగతి యున్నది. పిల్లవాడు అక్షరములను మొదట ఇసుకలో వ్రేలితో వ్రాసి నేర్చుననియు, ఐరోపావారి బడులలోవలె వట్టి నోటిమాటగా వల్లించి కాదనియు క్యాంబెల్ వ్రాసెను. ఇసుకలో చేయి తిరిగిన పిమ్మటనే తాటియాకును గంటమును చేతికిచ్చెడివారు. ఒకే బడిలో కోదండమును ఇసుకయు నుండెను. ఈ రెంటిని జ్ఞాపకముంచుకొన ప్రార్థించుచున్నాను. ముందు వీని యవసరము గలదు.

వేయింటికి ఏడుగురు చదువుకొను దేశమున అక్షరము పట్టుపడని పిల్లవానిని ఎవరు గమనింతురు? వాడు నాలుగు నాళ్లు దెబ్బలు తిని, బడి మాని, పొలమునకో మందకో పోవును. అక్కడ చదువు రానివారే హెచ్చు గనుక వాని కొఱత కొఱతగా కనబడదు. చిక్కు అప్పుడును గలదు. దాచుకొను అవసరము మాత్రము లేకుండెను. ప్రతి బిడ్డయు బడిలో కూర్చుండి తీరవలెనన్న కాలము వచ్చినప్పుడే యీ చిక్కు బయటపడెను. ఇంగ్లండులో 1870వ సంవత్సరపు చట్టముతో ఊరూర బడులు పెట్టుటకు ఏర్పాటు జరిగెను. 1880లో చదువు నిర్బంధమయ్యెను. ఆ తరమువారి కాలముననే వైద్యులకు ఈ విషయము తటస్థించినది.

తొలుత వారు చూచినది పెద్దవారిలో. జబ్బుచేసి మెదడునకు దెబ్బతగిలిన కొందఱు మాటలాడగలిగియు, చూడగలిగియు, చదువు మాత్రము కోల్పోవుట కలదు. 1877లో అడాల్ఫ్ కుస్మౌల్ అను జర్మను వైద్యుడు దీనికి 'పదాంధత' యని యర్థమిచ్చు పేరు పెట్టెను. 1887లో స్టుట్‌గార్టు నగరపు నేత్రవైద్యుడు రుడాల్ఫ్ బెర్లిన్ 'డిస్లెక్సియా' యను మాటను ప్రచారములోనికి తెచ్చెను. గ్రీకు భాషలో 'డిస్' యనగా కష్టము, 'లెక్సిస్' యనగా మాట.

1895లో గ్లాస్గో నగరపు నేత్రవైద్యుడు జేమ్స్ హిన్షెల్‌వుడ్ ఒక విచిత్రమైన సంగతి ప్రకటించెను. ఫ్రెంచి, జర్మను భాషలు బోధించు ఏబదియెనిమిదేండ్ల పండితుడొకడు ఒక యుదయమున శిష్యుడు వ్రాసి తెచ్చిన పాఠమును దిద్దబోయి, దానిలో నొక్క మాటయైనను చదువలేకపోయెను. ముందుదినము వఱకు చదివినవాడే. కన్నులు బాగుగనే యున్నవి. అంకెలు మాత్రము తప్పులేకుండ చదువుచుండెను.

ఈ వృత్తాంతము సీఫర్డ్ అను సముద్రతీరపు పట్టణములోని ప్రింగిల్ మోర్గన్ అను వైద్యుని ఆలోచింపజేసెను. అతని యెఱుకలో పెర్సీ యను పదునాలుగేండ్ల బాలుడొకడుండెను. మెదడునకు దెబ్బ తగులలేదు, జబ్బు లేదు. ఏడవ యేటినుండి బడిలోను, ఇంటివద్ద గురువులచేతను చదువు చెప్పించిరి. ఐనను చిన్న మాటలు సైతము చదువలేడు. తన పేరునే అక్షరములు తాఱుమాఱుగా వ్రాసి, తప్పు చూపినను వెంటనే గుర్తింపలేకుండెను. అంకెలలో మాత్రము దిట్ట. మూడంకెల సంఖ్యను మూడంకెల సంఖ్యతో తప్పులేకుండ గుణించెను. పాఠములన్నియు నోటితోనే జరిగినచో బడి కంతటికి వీడే మేటి యగునని వాని యుపాధ్యాయుడు చెప్పెనట. 1896 నవంబరు 7వ తేదీన మోర్గన్ ఈ సంగతిని బ్రిటిష్ మెడికల్ జర్నల్ అను వైద్యపత్రికలో ప్రకటించి, ఈ చిక్కు పుట్టుకతో వచ్చినదని చెప్పెను.

పెద్దలారా, ఆ యుపాధ్యాయుని మాటను మరల తలపోయుడు. వాని కెదుట కూర్చున్న పిల్లవాడే డెబ్బదిరెండేండ్ల పిమ్మట నా కెదుట కూర్చుండెను. ఆయన వానిని మేటి యగువాడనెను. నేను మొద్దంటిని. చూచినది ఒకటే, అన్నమాట వేఱు.

హిన్షెల్‌వుడ్ ఈ పరిశోధనను కొనసాగించి, 1907లో నొకే కుటుంబములోని నలుగురు సోదరులకు ఈ చిక్కుండుట చూపెను. ఇది వంశములలో నడచునని దానిచేత తెలిసెను. 1917లో నతడు దీనిపై నొక గ్రంథమే వ్రాసెను. కావున మన యిండ్లలో మనుమనికి ఈ చిక్కు వచ్చినప్పుడు, 'మేనమామకును అట్లే యుండెను, తాతకును చదువబ్బలేదు' అని ముసలివారు చెప్పుమాట ఊరక పోనీయవలసినది కాదు.

అమెరికాలో అయోవా రాష్ట్రమున శామ్యూల్ ఆర్టన్ అను వైద్యుడు 1925లో గ్రామప్రాంతములకు వైద్యశాలను కదలించుకొని పోయి, చదువు రాని పిల్లలను పరీక్షించెను. వారిలో బుద్ధిబలము చక్కగా నున్నవారే పలువురు. మెదడు యొక్క రెండు భాగముల నడుమ పోటీవలన నక్షరములు తలక్రిందగుచున్నవని యతడూహించెను. ఆ యూహ తరువాత నిలువలేదు. చిక్కు ముఖ్యముగా చూపులో గాక, మాటలోని ధ్వనులను విడదీసి యక్షరములతో జతపఱచుటలో నున్నదని తరువాతి పరిశోధకులు తేల్చిరి. కాని యతడును, అతని సహాయురాలు ఆనా గిల్లింగ్‌హామ్ అను ఉపాధ్యాయినియు నేర్పఱచిన బోధనా పద్ధతి నిలిచినది. అది యేమనగా: అక్షరమును కన్ను చూడవలెను, నోరు దాని ధ్వనిని పలుకవలెను, చెవి వినవలెను, వ్రేలు దానిని దిద్దవలెను, ఈ నాలుగును ఒకేమారు జరుగవలెను. ఒకటి గట్టిపడిన పిమ్మటనే రెండవదానికి పోవలెను. తొందర పనికిరాదు.

ఇది మనకు క్రొత్తయా? పళ్లెములో బియ్యము పోసి, బిడ్డ వ్రేలు పట్టుకొని, 'ఓం నమః' యని పలికించుచు అక్షరాభ్యాసము చేయుట మనయింటి పనియే కదా. క్యాంబెల్ చూచిన యిసుకయు నదియే. అంతకుముందే, 1789లో మద్రాసు ఎగ్మూరులోని అనాథబాలుర ఆశ్రమమునకు పెద్దయైన ఆండ్రూ బెల్ అను స్కాట్లండు దేశస్థుడు మన వీధిబడి పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి, ఆ పద్ధతిని తన యాశ్రమములో పెట్టి, 1797లో లండనులో దానిని గూర్చి యొక పుస్తకము ప్రకటించెను. ఆర్టన్ మనవారినుండి నేర్చెనని నేను చెప్పుట లేదు; మన బడిపంతుళ్లు పదాంధత నెఱుగుదురనియు చెప్పుట లేదు. వారి చేతిలో మందుండెను, రోగము తెలియదు. అందుచేత ఇసుకతో చక్కబడవలసిన పిల్లవానిని కోదండమునకెక్కించిరి. నా కాలమునకు ఇసుక పోయినది. బెత్తము మాత్రము మిగిలినది.

ఇక డిస్ప్రాక్సియా. గ్రీకున 'ప్రాక్సిస్' యనగా చేత. ఆర్టన్ 1937లో వ్రాసిన గ్రంథములో పిల్లల చిక్కులను వర్ణించుచు ఈ చేతి తడబాటును గూడ పేర్కొనెను. 1962లో ఇంగ్లండు వైద్యులు, తడబడు పిల్లలను సోమరులనియు అల్లరివారనియు శిక్షింపరాదని తమ పత్రికలలో చర్చించిరి. 1975లో ఆస్ట్రేలియా వైద్యుడు గబ్బే ఈ విషయముపై నొక గ్రంథము ప్రకటించెను. ఇట్టివారు నూటికి సుమారు అయిదుగురుందురని నేటి వైద్యుల యంచనా. డిస్లెక్సియా గలవారిలో కొందఱికి ఇదియు తోడుగా నుండును.

ఈ చిక్కు గలవారి కండరములలో బలము తక్కువ కాదు. ఏ పని తరువాత నే పని, ఎంత బలము, ఏ దిక్కునకు అను ఏర్పాటు మాత్రము మనకువలె దానంతట నది కుదురదు. మనము తలంపకయే చేయు పనులను వారు తలంచి తలంచి చేయవలెను. చొక్కా బొత్తాములు, చెప్పుల పట్టీలు, అన్నము కలుపుకొనుట, నిండుచెంబు తెచ్చుట, పొలము గట్టుమీద నడచుట, సైకిలెక్కుట, కుడియెడమలు గుర్తించుట, ఇవన్నియు వారికి ప్రతిదినము పరీక్షలే. అందుచేత సాయంకాలమునకు వారు మనకంటె నెక్కువ యలసిపోవుదురు. చూచువారు, 'ఏమి చేసినాడని యీ యలసట?' అందురు.

ఇట్టి చిక్కులలోని యధికకష్టము అవి కానరాకుండుటయే. కుంటివానికి దారి యిత్తురు. గ్రుడ్డివాని చేయి పట్టుకొందురు. ఇతనికో కన్నులున్నవి, కాళ్లున్నవి, మాటయున్నది. కావున లోకము తిట్టును, అతడు దాచుకొనును. బ్యాంకులో కాగితము నింపవలసినచో చేయి నొచ్చినదనును. శుభలేఖ యిచ్చినచో కన్నద్దములు మఱచితిననును. పురాణకాలక్షేపమున చదువుమన్నచో గొంతు బాగులేదనును. ఒక జీవితకాలమంతయు నీ సాకులు వెదకుటలోనే గడచును. ఆ తెలివిలో సగమైనను మందబుద్ధికి సాధ్యమా?

మన తెలుగులో వ్రాసినది వ్రాసినట్లే పలుకుదుము గనుక, ఇట్టి పిల్లవాడు కూడబలుకుకొని యెట్లో నెట్టుకొనివచ్చును. తప్పులకంటె ఆలస్యమే హెచ్చుగా కనబడును. వ్రాతయొకటియు పలుకొకటియు నగు ఇంగ్లీషు ఎదురైనప్పుడు వాడు కూలబడును. అందుచే మనవారు, 'చిన్న తరగతులలో బాగుగనే యుండెను, ఇప్పుడు చెడిపోయినాడు' అందురు. చెడిపోలేదు, మోయలేని బరువు మీద పడినది.

మనదేశమున ఈ విషయము ఆలస్యముగా కదలెను. మద్రాసులో 1991లో డిస్లెక్సియా పిల్లలకై యొక సంఘము వెలసెను. 1995వ సంవత్సరపు వికలాంగుల చట్టములో ఏడు విధములే చెప్పబడెను; ఈ చిక్కులకు చోటు లేదు. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము బడిలో పిల్లలను కొట్టుటను, మనస్సు నొప్పించుటను నిషేధించెను. 2016వ సంవత్సరపు చట్టము ఏడింటిని ఇరువదియొకటి చేసెను. అందులో ప్రత్యేకాభ్యసన వైకల్యముల క్రింద డిస్లెక్సియా, డిస్ప్రాక్సియా రెండును పేరుపెట్టి చెప్పబడినవి. అది 2017 ఏప్రిల్ 19వ తేదీనుండి యమలులోనికి వచ్చెను. ధ్రువపత్రము పొందిన పిల్లలకు పరీక్షలలో నదనపు కాలము, వ్రాసిపెట్టువాని సహాయము వంటి వెసులుబాటులు గలవు. ఇది మన పల్లెలలో నెందఱికి తెలియును? అందులకే మీకు చెప్పుచున్నాను.

ఇక నొక్క మాట చెప్పి ముగించెదను. 2018లో నేనొక పెండ్లికి పోతిని. అచ్చట నలువురు గౌరవించు పశువుల బేరగాడొకడు నన్ను గుర్తుపట్టి వచ్చి పాదములంటెను. నాటి పిల్లవాడే. ఏ సంతలో నే యెద్దు ఎంతకు పోయినదో ఇరువదియేండ్ల లెక్క వాని నోటనున్నదని ప్రక్కవారు చెప్పిరి. భోజనముల దగ్గఱ ఎవరో యొక కాగితము చేతికీయగా, "కళ్లజోడు మర్చిపోయాను, మీరు చదవండి పంతులుగారూ" అని నాకందిచ్చెను. కళ్లజోడు వాని జేబులోనే యుండెను.

వానిని ప్రక్కకు తీసికొనిపోయి, ఇప్పుడు మీకు చెప్పినదంతయు వానికి చెప్పితిని. తప్పు నాది యంటిని. వాడు చాల సేపు నేల చూచుచు నిలుచుండి, తుదకు, "అయితే నేను మొద్దును కానన్నమాట, పంతులుగారూ!" అనెను.

ఆ మాట వానికి ఏబదియేండ్ల ముందు చెప్పవలసినది. మీ యింటను, మీ వీధిలోను, చదువునకు కూర్చుండగానే కడుపునొప్పి యనువాడు, చెప్పినదెల్ల గ్రహించియు వ్రాయలేనివాడు, చేతిలోని వస్తువు జాఱవిడుచువాడు కనబడినచో, తిట్టుటకు ముందొక దినమాగుడు. వ్రేలు పట్టుకొని యిసుకలో దిద్దించి చూడుడు. బడిపంతులుతోను వైద్యునితోను చెప్పుడు. పెద్దల మాటకు పల్లెలో నింకను విలువ గలదు. 'వీడు మొద్దు కాడు' అని మీరొకమారు పదిమందిలో ననుడు. నేను చేయలేకపోయిన పని యదియే.